పూలతోటలో రొద

హైదరాబాదు నుంచి పడమరగా వికారాబాదు వెళ్ళే రోడ్డు మీద ప్రయాణం చేసినవారికి ఆ దారిలోని మర్రిచెట్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొయినాబాదు నుంచి చేవెళ్ళ వైపుగా పోతూవుంటే రోడ్డు పక్కన వందలకొద్దీ మర్రిచెట్లు కనబడతాయి. కొమ్మల నుంచి ఊడలు దిగి, నేలను తాకి, నాటుకుని, కొన్నాళ్ళకు అవే మానులవుతాయి. ఒంటి మానుతో నిలబడిన తాటిచెట్టు గాలికి ఊగుతుంది. పదిచోట్ల నేలను పట్టుకున్న మర్రి అంత సులభంగా ఊగదు. పిల్లలూ, ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో మనకు కాస్సేపట్లో పని పడుతుంది.

ఈ ప్రాంతంలో కూరగాయలతో పాటు పూలు కూడా పండిస్తారు. పొలాల మధ్య తెల్లని ప్లాస్టిక్ గుడారాల వంటివి కనిపిస్తాయి. వాటిని పాలీహౌసులంటారు. లోపల గులాబీలు, జెర్బరాలు పెరుగుతాయి. తెల్లవారక ముందే పూలు కోసి, కట్టలు కట్టి, హైదరాబాదులోని గుడిమల్కాపురం పూలబజారుకు పంపుతారు. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే జెర్బరా పువ్వుకు మంచి ధర పలుకుతుంది.

అయితే జెర్బరాతో ఒక చిక్కు వున్నది. నీరు తక్కువయితే వాడిపోతుంది, ఎక్కువయితే మొదలు కుళ్ళిపోతుంది. వాడిన మొక్క నీళ్ళు పోస్తే తేరుకోవచ్చు. కుళ్ళిన మొక్కను మటుకు పీకి పారవేయవలసిందే. కనక ఎప్పుడు, ఎంత నీరు పెట్టాలి అన్నది రైతుకు ప్రాణసంకటం.

మొయినాబాదుకు కొంచెం దూరంలో వున్న ఒక చిన్న తోటకు నేను వెళ్ళటం తటస్థించింది. ఆ తోట యజమాని అన్నకొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. చిన్నాయన కష్టం చూసి అతను ఒక పెట్టె తయారుచేశాడు. మట్టిలో గుచ్చిన ఒక పలక తేమను కనిపెడుతుంది. పెట్టెలోని బోర్డు ఆ తేమను అంకెగా మార్చి చూపుతుంది. మట్టి ఎంత ఎండితే అంకె అంత పెద్దది. అంకె 580 దాటిందంటే మోటారు దానంతట అదే మొదలై పది నిమిషాలు నడుస్తుంది. అరగంటకొకసారి సెల్‌ఫోనులో వుండే సిమ్ము వంటి దాని ద్వారా ఆ పెట్టె రైతుకు మెసేజి కూడా పంపుతుంది.

పెట్టె చూడటానికి ముచ్చటగానే వున్నది. అయితే నేను వెళ్ళేసరికి ఆ యింట్లో ఎవరి ముఖానా కళ లేదు. తడిగా వున్న మట్టికి ఆ పెట్టె మళ్ళీ మళ్ళీ నీళ్ళు పెడుతున్నది! ఒక వరుసలో పాతిక మొక్కలు అప్పటికే కుళ్ళాయి.

"ఏం బిడ్డా, నీ పెట్టె నా తోటను ముంచేటట్టే వుందిగదా!" అన్నాడు రైతు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. కాని ఆ మాటకు కుర్రవాడి ముఖం మాడిపోయింది. "రేపు పీకేస్తాలే చిన్నాయనా," అన్నాడు.

"పీకద్దన్నా! నేను రాసిపెట్టిన, చూడు," అంటూ రైతు కూతురు లోపలి నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఆ అమ్మాయి ఏడో తరగతి చదువుతున్నది. సెలవు రోజున పెట్టె ముందు కూర్చుని, గడియారం చూస్తూ, అంకెలన్నీ వరసగా రాసింది. 560, 561, 560, 559, 593, 560... అలా నడిచాయి ఆ అంకెలు. అంకె ఉన్నట్టుండి ఎగిరిన ప్రతిచోటా ఎర్రసిరాతో సున్న చుట్టింది. ఆ సున్నలన్నీ మెసేజి పోయే సమయంలోనే వున్నాయి!

"మెసేజి పోయినప్పుడల్లా ఎగరదు. పోనప్పుడు మటుకు ఒక్కసారి గూడ ఎగరలేదు," అన్నది ఆ అమ్మాయి.

పెద్ద పెద్ద యంత్రాలు పెట్టుకుని కూడా కొందరు కనిపెట్టలేని సంగతి అది. మట్టిలో తేమ మారలేదు, పలక చెడిపోలేదు. బోర్డు మీది ఒక భాగం మాట్లాడుతూవుంటే ఇంకొక భాగానికి సరిగా వినబడటం లేదు. ఇటువంటి అవాంతరాన్నే ఇంజనీర్లు "నాయిస్" అంటారు. మనం రొద అందాం.

ఇటువంటి బోర్డు మీద రెండు జాతుల పనివాళ్ళు వుంటారు. మట్టిలోని పలక మొదటి జాతిది. దాని మాట చెరువులో నీటిమట్టం వంటిది. వెంట్రుకవాసి పెరగవచ్చు, వెంట్రుకవాసి తగ్గవచ్చు. ఆ కొద్దిపాటి తేడాలోనే కబురంతా వుంటుంది. దీన్ని ఎనలాగు అంటారు. లెక్కలు కట్టే చిప్పు, మెసేజి పంపే భాగం రెండవ జాతివి. అవి "ఉన్నది", "లేదు" అన్న రెండే మాటలతో పని జరుపుకుంటాయి. ఇది డిజిటల్. ఎనలాగు గుసగుసలాడుతుంది, డిజిటల్ కేకలు వేస్తుంది. ఒకే బోర్డు మీద ఈ రెండింటినీ పెట్టడమంటే పెళ్ళిపందిట్లో బ్యాండుమేళం పక్కనే వీణకచేరీ పెట్టినట్టు.

మరి ఈ కేకలు గాలిలో పోయి పలకకు వినబడ్డాయా? అలాగే జరిగి వుంటుందని మొదట ఎవరికైనా తోస్తుంది. పూర్వం రేడియో పక్కన సెల్‌ఫోను పెడితే, ఫోను మోగబోయే ముందు రేడియో "టిట్-టి-టిట్" అనేది. మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. అక్కడ రొద గాలి వెంబడే వచ్చేది. మన తోటలో మటుకు అది అంతకన్న సులువైన దారిన, నేల వెంబడి వచ్చింది.

నేల అంటే తోటలోని మట్టి కాదు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఇంటి దగ్గర ఎలక్ట్రీషియను గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, వేసవిలో నీళ్ళు పోస్తూ వుండమని చెప్పే ఎర్తింగు వేరు. అది మన ప్రాణరక్షణ కోసం పెట్టుకున్నది. బోర్డు మీద "గ్రౌండు" అనేది బ్యాటరీ మైనస్ కొసకు పోయే రాగిదారి. పేరు ఒకటే అయినా పని వేరు.

కరెంటుకు ఒక నియమం వున్నది. అది బయలుదేరిన చోటికి తిరిగి చేరి తీరాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఎంత కరెంటు బయలుదేరుతుందో అంతా మైనస్‌కు తిరిగి వస్తుంది. బోర్డు గీసేటప్పుడు కరెంటు వెళ్ళే దారిని అందరూ శ్రద్ధగా గీస్తారు. తిరిగి వచ్చే దారిని, "గ్రౌండే కదా, ఎలాగో ఒకలాగు కలుస్తుందిలే" అని వదిలేస్తారు. మన కుర్రవాడూ అదే చేశాడు.

మీ వీధిలో మోరీ వున్నదనుకోండి. అన్ని ఇళ్ళ నీళ్ళూ అందులోకే పడతాయి. మామూలుగా అందులో అరచెయ్యి లోతు నీరు పారుతుంది. మీ పక్కింటివాళ్ళు బర్రెలను కడిగి ఒక్కసారిగా తొట్టినీళ్ళన్నీ వదిలితే మోరీ నిండిపోయి, నీరు వెనక్కు తన్ని మీ స్నానాలగదిలోకి కూడా వస్తుంది. మీరు చెంబెడు నీళ్ళు కూడా పోయలేదు. అయినా మీ ఇంట్లో నీరు నిలిచింది. ఇరుకు మోరీని ఇద్దరు పంచుకోవటమే దానికి కారణం.

ఆ కుర్రవాడి బోర్డు మీద సరిగా ఇదే జరిగింది. తేమపలక, మెసేజి పంపే భాగం బోర్డుకు ఒక కొసన వున్నాయి. బ్యాటరీ, అంకె కట్టే చిప్పు రెండవ కొసన వున్నాయి. మధ్య తిరుగుదారిగా అర మిల్లీమీటరు వెడల్పున, 8 సెంటీమీటర్ల పొడవున ఒక సన్నని రాగిగీత వున్నది. బోర్డు మీది రాగి మామూలుగా 35 మైక్రాన్ల మందం వుంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో 35 అన్నమాట. అటువంటి గీత కరెంటుకు సుమారు 0.08 ఓముల అడ్డు పెడుతుంది. ఇది చాలా స్వల్పమే. పలక వాడుకునే కరెంటుకు దీనివల్ల ఏ బాధా లేదు.

కాని మెసేజి పంపే భాగం మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. 2ను 0.08తో హెచ్చవేయండి. 0.16 వోల్టు వచ్చింది కదా? గీత ఆ కొసన వున్న "నేల" ఈ కొసన వున్న నేలకన్న 0.16 వోల్టు పైకి లేచింది. ఆ నేల మీద నిలబడిన పలక మాట కూడా అంతమేరకు పైకి లేచింది. అంకె కట్టే చిప్పు 5 వోల్టులను 1024 మెట్లుగా కొలుస్తుంది. అంటే ఒక్కొక్క మెట్టు వోల్టులో వెయ్యోవంతులు సుమారు 5. లెక్కకట్టి చూడండి, 0.16 వోల్టుకు 33 మెట్లు వస్తాయి. 560కి 33 కలిపితే 593! ఆ అమ్మాయి ఎర్రసిరాతో చుట్టిన అంకె అదే.

మరి మెసేజి పోయినప్పుడల్లా ఎందుకు ఎగరలేదు? ఆ భాగం ఏకబిగిన మాట్లాడదు. పాత పద్ధతి సెల్‌ఫోన్లలో ఒకే తరంగం మీద ఎనిమిది మంది వంతులవారీగా మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరి వంతు సెకనులో వెయ్యోవంతుకు కొంచెం పైగా సగం సేపు వుంటుంది. మళ్ళీ వంతు రావటానికి మిగిలిన ఏడుగురూ కావాలి. రేడియోలో "టిట్-టిట్" అని వినిపించినదీ ఈ వంతుల చప్పుడే. చిప్పు కొలిచే క్షణం ఆ వంతు మీద పడితే అంకె ఎగురుతుంది, పడకపోతే ఎగరదు. ఒక్కసారి 580 దాటితే చాలు, మోటారు పది నిమిషాల నీళ్ళు పెట్టేస్తుంది.

ఈ తిరుగుదారి గొడవ నిన్న మొన్నటిది కాదు. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే శాస్త్రజ్ఞుడు టెలిగ్రాఫుకు రెండు తీగలు అక్కరలేదనీ, ఒక తీగ చాలుననీ, తిరుగుదారిగా భూమే పనికివస్తుందనీ కనుగొన్నాడు. ఆ మరుసటి ఏడే మన దేశంలో, కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే ఓషానెస్సీ అనే ఆచార్యుడు టెలిగ్రాఫు ప్రయోగాలు చేస్తూ, హుగ్లీ నది నీటిని కూడా విద్యుద్వలయంలో భాగం చేసి చూశాడు. టెలిగ్రాఫు "కట్ట-కడ" మంటే చాలు కనక దానికి భూమి సరిపోయింది. కాని టెలిఫోను వచ్చి, ఆ తరవాత పట్టణాల్లో విద్యుత్తుతో నడిచే ట్రాములు వచ్చేసరికి కష్టం మొదలయింది. ట్రాముల కరెంటు, టెలిఫోను కరెంటు ఒకే నేల వెంట తిరిగి రాసాగాయి. టెలిఫోను చెవిన పెట్టుకుంటే మనిషి మాటకు బదులు ట్రాము గుర్రుమనేది. చివరకు టెలిఫోనుకు రెండవ తీగ వేసి, దాని తిరుగుదారిని దానికి ఇవ్వవలసివచ్చింది. రెండు తీగలనూ ఒకదానికొకటి మెలివేసే పద్ధతికి గ్రహాంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు.

మనవారిలో కూడా ఈ రొదతో పోరాడినవారు వున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీలోను, తరవాత అమెరికాలోని స్టాన్‌ఫోర్డులోను చదివి, బొంబాయిలో అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్సు శాఖకు పెద్ద అయ్యారు. 1956 ఆగస్టు 4న పనిచేయటం మొదలుపెట్టిన "అప్సర" అనే అణురియాక్టరుకు నియంత్రణ సాధనాలను ఆ శాఖవారు ఇక్కడే తయారుచేశారు. అణుకణం తగిలినప్పుడు దాన్ని కనిపెట్టే గొట్టంలో పుట్టే విద్యుత్తు చాలా చిన్న గుసగుస. అదే భవనంలో పెద్ద పెద్ద మోటార్లు, పంపులు నడుస్తూ వుంటాయి. ఆ రొదలో ఈ గుసగుస తప్పిపోతే రియాక్టరు అదుపు ఏమయినట్టు? ఆ అనుభవంతోనే 1967లో హైదరాబాదులో ఈ.సీ.ఐ.ఎల్. అనే ఎలక్ట్రానిక్సు కర్మాగారం వెలసింది. ఏ.ఎస్. రావు నగరు అన్న పేటకు పేరు వచ్చింది ఆయన వల్లనే.

ఇక తోటకు తిరిగి వద్దాం. కుర్రవాడు తెలివైనవాడు. మోరీ కథ విన్నాడో లేదో, "అయితే ఎనలాగు నేలను, డిజిటల్ నేలను విడదీసేస్తే సరి!" అన్నాడు. ఒక పాత పుస్తకంలో అలాగే వున్నదట. చిప్పుల కాళ్ళకు కూడా "ఎనలాగు గ్రౌండు", "డిజిటల్ గ్రౌండు" అని వేరు వేరు పేర్లు పెడతారు. అవి చిప్పు లోపలి తీగలు ఎక్కడికి పోతాయో చెప్పే పేర్లేగాని, బయట రెండు నేలలు చెయ్యమన్న ఆజ్ఞ కాదు. ఈ పేర్లు పెట్టినవారు ఎందరిని దారి తప్పించారో చెప్పలేను.

వారం తిరక్కుండా అతను కొత్త బోర్డు చేశాడు. ఈసారి అడుగుభాగమంతా రాగిరేకు. అంతవరకూ బాగానే వున్నది. కాని ఆ రేకును మధ్యగా చీల్చి, ఒక పక్క ఎనలాగుకు, ఒక పక్క డిజిటల్‌కు ఇచ్చి, బ్యాటరీ దగ్గర ఒక్కచోట మాత్రం కలిపాడు. పెట్టె బిగించాడు. 593లు పోయాయి. అందరూ సంతోషించారు. సాయంత్రానికి అంకెలు 540, 575, 551, 582 అంటూ చిందులు వెయ్యసాగాయి! ఇదివరకు ఎగిరితే పైకే ఎగిరేది. ఇప్పుడు పైకీ కిందికీ కూడా ఎగురుతున్నది. "రోగం ముదిరింది," అన్నాడు రైతు.

ఎందుకిలా జరిగింది? ఇక్కడ కరెంటు స్వభావం ఒకటి తెలుసుకోవాలి. నిదానంగా మారే కరెంటు తిరిగి వచ్చేటప్పుడు రాగిరేకంతా పరుచుకుని, అడ్డు తక్కువగా వున్న దగ్గరదారిన వస్తుంది. చాలా వేగంగా మారే కరెంటు అలా రాదు. తాను పైన ఏ గీత వెంట వెళ్ళిందో, అడుగున వున్న రేకులో సరిగ్గా ఆ గీత కిందుగానే తిరిగి వస్తుంది. మిట్టమధ్యాహ్నం మనిషి నీడ కాళ్ళకిందనే వున్నట్టు. ఎందుకంటే వెళ్ళే దారికీ వచ్చే దారికీ మధ్య ఎడం పెరిగినకొద్దీ వాటి చుట్టూ అయస్కాంతశక్తి పెరిగి, వేగమైన మార్పును అడ్డుకుంటుంది. ఈ అడ్డు ఎంతటిదంటే, 10 సెంటీమీటర్ల సన్నగీతలో 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు సెకనులో నూరుకోట్లవవంతులు అయిదింటిలో పుట్టుకొస్తే చాలు, సుమారు 0.4 వోల్టు ఎగుడుదిగుడు ఏర్పడుతుంది.

ఇప్పుడు పైన గీత పోతున్నది, కింద నీడ వస్తున్నది. మధ్యలో రేకుకు చీలిక వచ్చింది. పైన గీత వంతెన మీద పోయినట్టు చీలికను దాటిపోతుంది. నీడకు వంతెన లేదు! అది చీలిక వెంబడి ఆ కొసదాకా పోయి, చుట్టి రావాలి. ఆ పెద్ద చుట్టు ఏరియల్ లాగా పనిచేస్తుంది. గాలిలోని రొదను పట్టుకుంటుంది, తన రొదను గాలిలోకి వదులుతుంది కూడా. మన కుర్రవాడు తేమపలక నుంచి చిప్పుకు పోయే గీతను సరిగ్గా ఆ చీలిక మీదుగా తీసుకుపోయాడు. నేల వెంట వచ్చే దొంగకు తలుపు వేసి, గాలివెంట వచ్చేవాడికి కిటికీ తెరిచాడన్నమాట.

"విడదీస్తే ఒక తప్పు, కలిపితే ఒక తప్పు. ఇంక ఏం చెయ్యాలి సార్?" అన్నాడు అతను నీరసంగా.

జవాబు ఆ తోటకు కొద్ది మైళ్ళలోనే వున్నది. 1908లో మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ తరవాత వరద నుంచి రక్షణకు, నగరానికి మంచినీటికి రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగరు పూర్తయినాయి. ఉస్మాన్‌సాగరునే గండిపేట చెరువు అంటారు. ఈ నీళ్ళు మురికి కాకుండా వుండాలంటే ఏం చెయ్యాలి? చెరువు మధ్య గోడ కట్టి, "ఇటు మంచినీరు, అటు మురికినీరు" అంటే పని జరుగుతుందా? 1996లో ప్రభుత్వం 111 నంబరు ఉత్తర్వు ద్వారా, ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లలో కాలుష్యం కలిగించే పరిశ్రమలు పెట్టరాదన్నది. మొయినాబాదు ప్రాంతపు ఊళ్ళు ఎన్నో అందులోకి వచ్చాయి. 2022లో ఆ ఆంక్షలను సడలించారనుకోండి, అది వేరే కథ. మనకు కావలసిన కిటుకు ఒక్కటే. నీటిని కొయ్యలేదు. ఎవరు ఎక్కడ వుండాలో నిర్ణయించారు.

బోర్డు మీద కూడా అంతే. అమెరికాలో హెన్రీ ఆట్ అనే ఇంజనీరు ఈ విషయమే ఎన్నో ఏళ్ళు నొక్కి చెప్పాడు. రాగినేలను అఖండంగా వుంచు, దాని మీద నివసించేవాళ్ళను మటుకు పేటలుగా విభజించు అన్నది ఆయన సలహా సారాంశం. నీడలు గీతల కిందనే నడుస్తాయి కనక, డిజిటల్ గీతలు డిజిటల్ పేట దాటి రాకపోతే వాటి నీడలు కూడా రావు. గోడ లేకుండానే ఎవరి పేటలో వాళ్ళు వుంటారు. నిదానపు కరెంటు మటుకు రేకంతా పరుచుకుంటుందని చెప్పాను కదా, దానికోసం పెద్దగా కరెంటు తాగేవాణ్ణి బ్యాటరీ పక్కనే కూర్చోపెట్టాలి. అప్పుడు వాడి తిరుగుదారి వీణ వాయించేవాడి వాకిట్లోంచి పోదు.

మూడవ బోర్డు తయారయింది. మెసేజి భాగం బ్యాటరీ పక్కకు వచ్చింది. తేమపలక గీత రెండవ కొసకు పోయింది, చిప్పు మధ్యన నిలిచింది. చిప్పుకు ఎనలాగు కాళ్ళు పలక వైపు, మెసేజి కాళ్ళు అటువైపు వుండేటట్టు తిప్పి పెట్టాడు. ఏ గీతా తన పేట దాటదు. అడుగున రాగిరేకుకు ఒక్క చీలిక లేదు. పైన మిగిలిన ఖాళీ జాగాలో కూడా రాగిని వుంచి, చిన్న చిన్న రంధ్రాల గుండా పదులకొద్దీ చోట్ల అడుగురేకుతో కలిపాడు. నేను మర్రి ఊడలను గుర్తుంచుకోమన్నది ఇందుకే!

ఇంకొక పని కూడా చేశాడు. మెసేజి భాగం పక్కనే 1000 మైక్రోఫారడుల కెపాసిటరు ఒకటి, ప్రతి చిప్పు కాలి దగ్గర 0.1 మైక్రోఫారడుది ఒకటి పెట్టాడు. కెపాసిటరు ఇంట్లో నీళ్ళ బిందె వంటిది. దాహమైన ప్రతిసారీ బావిదాకా పరుగెత్తకుండా బిందెలోంచి ముంచుకుంటాం. బావి నుంచి బిందె తీరుబడిగా నిండుతుంది. చిప్పుకు చటుక్కున కావలసిన కరెంటు పక్కనున్న బిందెలోంచే వచ్చి అక్కడికే తిరిగిపోతుంది. బిందె వంటింట్లో వుండాలి గాని వీధిచివర వుంటే ఏం లాభం? కెపాసిటరు దూరంగా పెట్టినా అంతే.

ఇదంతా జరుగుతూ వుంటే ఆ అమ్మాయి, "అన్నా, అది మాట్లాడేటప్పుడు మనం వినకుండ వుంటే సరిపోదా?" అన్నది.

కుర్రవాడూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. నిజమే! మెసేజి పంపే ముందు తేమ కొలిచి, పంపేటప్పుడు కొలవటం మానివేస్తే ఆ రొద మనల్ని ఏమీ చెయ్యలేదు. మంచి మంచి ఇంజనీర్లు కూడా ఈ ఉపాయం వాడతారు. అయితే అది ఒక్కటే చాలదు. మెసేజిని మనం ఆపగలం గాని, పక్కపొలంలో బోరు మోటారు మన అనుమతి అడిగి మొదలవుతుందా? అందుచేత బోర్డునూ మార్చారు, ఆ అమ్మాయి మాటనూ ప్రోగ్రాములో పెట్టారు. పైగా ఒక్క అంకెను నమ్మకుండా, తొమ్మిదిసార్లు కొలిచి నడిమి అంకెను తీసుకునే ఏర్పాటు చేశారు.

మీరు కూడా ఈ మోరీ తమాషాను ఇంట్లో చూడవచ్చు. రెండు టార్చిలైటు సెల్లులు, ఒక చిన్న బల్బు, పాత బొమ్మకారులోని మోటారు, రెండు మూడు మీటర్ల సన్నని తీగ తీసుకోండి. బల్బూ మోటారూ రెండూ ఒకే పొడుగాటి సన్నతీగ గుండా సెల్లుకు తిరిగివచ్చేటట్టు కలపండి. బల్బు వెలుగుతూ వుండగా మోటారు తగిలించండి. బల్బు మసకబారుతుంది. మోటారును వేలితో కొంచెం నొక్కిపెడితే ఇంకా మసకబారుతుంది. ఇప్పుడు మోటారుకు విడిగా ఒక పొట్టితీగ వేసి, తిన్నగా సెల్లుకే చేర్చండి. బల్బు చాలావరకు తేరుకుంటుంది. కొద్దిగా మసక మిగిలితే ఆ తప్పు సెల్లుది, దాని లోపల కూడా కొంత అడ్డు వుంటుంది. ఇంటి ప్లగ్గుతో మటుకు ఈ ప్రయోగం ఎన్నటికీ చెయ్యకండి.

నెల దాటిన తరవాత నేను మళ్ళీ ఆ తోటకు వెళ్ళాను. కుళ్ళిన వరుసలో కొత్త మొక్కలు నాటారు. అమ్మాయి నోటుపుస్తకం తెచ్చింది. పేజీల తరబడి 558, 559, 559, 560... మెసేజి పోయినా అంతే, పోకపోయినా అంతే. అంకె మెల్లిగా పెరిగి 580కి చేరటం, మోటారు నడవటం, అంకె దిగిపోవటం. ఎర్రసిరా ఎక్కడా లేదు.

అయితే చివరి పేజీలో ఒకచోట మాత్రం పెద్ద సున్న వున్నది. 571 నుంచి అంకె ఒక్కసారిగా 522కు పడింది! అప్పుడు మోటారు నడవలేదు. ఊళ్ళో కరెంటే లేదట. కుర్రవాడు ముఖం ఇంత చేసుకుని, స్క్రూడ్రైవరు తీసి, పెట్టె మూత విప్పటం మొదలుపెట్టాడు.

"దాన్నెందుకురా విప్పుతవు?" అన్నాడు రైతు గట్టుమీద నుంచి. "నిన్న కరెంటు లేదు. మట్టి ఎండినట్టు కనబడితే నేనే రెండు బిందెలు పోసిన."